కిలాట్ ఎక్కడ వాలింది

ఆ ఆదివారం పావురాల పందెంలో, పేటంతా గౌరవంగా ‘పాక్’ అని పిలిచే సుగెంగ్ పావురం కిలాట్ తిరిగి రాలేదు. మైదానంలో ఆయన దాని జంట పెట్టపావురాన్ని చేతిలో పట్టుకుని, దాని రెక్కలు టపటపలాడిస్తూ, మెడ పట్టేసేదాకా ఆకాశంలోకి చూశాడు. మిగతా మగపక్షులన్నీ తమ తమ జంటల్ని గుర్తుపట్టి రాళ్లలా దిగిపోయాయి. కిలాట్ జాడ మాత్రం లేదు.

మామూలుగా అయితే ఓ నిట్టూర్పు విడిచి ఇంటిదారి పట్టేవాడు. కానీ ఈసారి ప్రతి పావురం కాలికీ ఆయన కూతురు నస్తితి చేసిన పట్టీ ఉంది. పక్షి ఎక్కడుందో ఉపగ్రహాలనడిగి ఫోనుకు చెప్పే పట్టీ అది. నస్తితి సురబయ నగరంలో ఇంజనీరు. సొంతపేట పావురాల క్లబ్బులోనే పరీక్షిద్దామని సెలవు పెట్టి మరీ తెచ్చింది. "నా కూతురి మిషను అబద్ధమాడదు" అని ఆయన మడియున్ ఊరి శివారంతా డప్పు కొట్టి ఉన్నాడు. అందుకే ఫోన్లో చుక్క పొరుగింటి పాక్ తుమిజాన్ ఇంటికప్పు మీద నిలిచేసరికి, నస్తితి నోరు తెరిచేలోపే లుంగీ ఎగ్గట్టి బయల్దేరాడు. క్లబ్బు పెద్దలూ వెంటపడ్డారు. వినోదం ఉచితంగా దొరికితే ఎవరు వదులుకుంటారు?

"ఒరేయ్ తుమిజాన్! బయటికి రారా దొంగా!"

తుమిజాన్ ఉడికించిన కూరల పెచెల్ తింటున్నవాడు అలాగే లేచి వచ్చాడు. వేళ్లకింకా వేరుశెనగ పచ్చడి అంటుకునే ఉంది.

"ఎవర్రా దొంగ? ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?"

"నా కిలాట్ నీ ఇంట్లో ఉంది. ఉపగ్రహాలే చెప్తున్నాయి."

"ఉపగ్రహాలకి నా మీద ఏం పగో! రా, వెతుక్కో."

వెతికారు. గూళ్లు, కప్పు, మంచం కింద, అన్నీ. తుమిజాన్ భార్య లస్మి వంటింట్లోంచి కుండ పట్టుకొచ్చి మూత తీసింది.

"ఇది కూడా చూసి పోండి అన్నయ్యా. కోడికూర. అనుమానముంటే కాళ్లు కొలుచుకోండి."

జనం నవ్వారు. సుగెంగ్ నవ్వలేదు. "ఎక్కడో దాచేశావు. పోయినసారి పందెంలో గెలుపు కప్పు నాకొచ్చిందని నీకు కడుపుమంట" అన్నాడు.

"ఇంకెప్పుడూ నా గడప తొక్కకు" అని తుమిజాన్ తలుపు వేసుకున్నాడు. ఊహ తెలిసిన నాటి నుంచీ ఆ అరుగు మీద ఇద్దరూ కాఫీ తాగుతుంటే నస్తితి చూస్తూనే ఉంది. పెద్దలు అక్కడికక్కడే తేల్చేశారు, మధ్యాహ్నం నమాజు కాగానే తుమిజాన్‌ను క్లబ్బు నుంచి తీసేస్తామని. పావురాల పేటలో పావురాల దొంగ అనిపించుకున్నాక మనిషి బతికుండీ లేనట్టే.

తుమిజాన్ బాబాయి దొంగతనం చేయడని నస్తితికి తెలుసు. మరి చుక్క? మిగతా పావురాలు ఎక్కడున్నట్టు చూపిస్తోందో చూసింది. అవన్నీ ఇంకా మైదానంలో యజమానుల చేతుల్లోనే ఉన్నాయని ఆమెకు తెలుసు. ఫోను మాత్రం వాటన్నిటినీ మైదానానికి పడమరగా చెరుకుతోటలో కూర్చోబెట్టింది.

ఆకాశంలో ఒకేసారి కనిపించే ఉపగ్రహాలు బోలెడు. అన్నిటి మాటా వింటూ కూర్చుంటే గోరంత బ్యాటరీ మధ్యలోనే చేతులెత్తేస్తుంది. అందుకే పక్షిని వదిలేముందు మేలుకోగానే గట్టిగా వినిపించేవాటిలో కొన్నింటిని ఎంచుకుని, చివరిదాకా వాటితోనే కాపురం చేయమని ఆమె పట్టీకి నేర్పింది. ఆ పొదుపు చూసి ఆఫీసులో అందరూ భుజం తట్టారు కూడా.

"నాన్నా, వదిలేముందు పక్షిని ఎలా పట్టుకుంటారు?"

"ఇదేం ప్రశ్నే? రొమ్ముకి హత్తుకుని, ఇంటివైపు తిరిగి, బిస్మిల్లా అని వదుల్తారు. తాతల నాటి నుంచీ అంతే."

"అందరూ పడమరకేనా?"

"ఇల్లు పడమరనుంటే తూర్పుకి తిరుగుతారా? చదువుకున్నదానివేనా నువ్వు?"

నస్తితి అక్కడే దారి గట్టు మీద కూలబడింది. సురబయలో పట్టీని స్తంభానికి కట్టి పరీక్షించారు. స్తంభానికి రొమ్ము ఉండదు. ఇక్కడ వెనకాల మనిషి గోడలా నిలబడతాడు, తూర్పు ఆకాశమంతా మూసుకుపోతుంది. పట్టీ ఎంచుకున్నవన్నీ పడమటివే. డేరా తాళ్లన్నీ ఒకవైపే కట్టి లాగినట్టు చుక్కలన్నీ పడమరకి జరిగాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతే, సమయానికి గుర్తు రాలేదు. తనను తాను తిట్టుకుంది.

ఉపగ్రహాల గొంతు పెద్దదా అని కాదు, అవి నలుదిక్కులా ఉన్నాయా అని చూసి మళ్లీ ఎంచుకో అని ఫోన్లోంచే ఆదేశం పంపింది. చుక్క కాసేపు తడబడి, తుమిజాన్ ఇంటికప్పు వదిలి, తూర్పున మధ్యగోడ దాటి, సుగెంగ్ సొంత పెరట్లో నిలిచింది.

అందరూ అటు పరుగెత్తారు. స్నానాల తొట్టి వెనక, సుగెంగ్ సంతలో కొత్తగా కొన్న పెట్ట ముందు, కిలాట్ మెడ ఉబ్బించుకుని గిరగిరా తిరుగుతోంది.

"ఇంట్లోనే కొత్త పెళ్లికూతురుంటే మైదానానికెందుకొస్తాడయ్యా?" అన్నాడో పెద్దాయన. పేటంతా పగలబడి నవ్వింది.

సుగెంగ్ కూడా హాయిగా నవ్వేశాడు. "చూశారా, మిషను పొరపాటు! పిల్ల సరిచేసేసింది. అయిపోయింది, పదండి పదండి."

ఊరుకుంటే అక్కడితో అయిపోయేదే. నస్తితికి తండ్రంటే భయం, ఇంతమందిలో ఎదురు చెప్పడమంటే ఇంకా భయం. అయినా తుమిజాన్ మూసిన తలుపే కళ్లలో మెదులుతోంది.

"మిషను పొరపాటు నాదే నాన్నా. అది ఇంటికప్పు చూపించింది. దొంగ అన్నది మాత్రం మీరు."

సుగెంగ్ కూతురివైపు కోపంగా చూశాడు, తర్వాత నేలచూపులు చూశాడు. ఆపైన పొరుగింటి తలుపు ముందుకెళ్లి గొణిగాడు. "తుమిజాన్, తప్పయిపోయిందిరా."

"వినపడలేదు" అంది లోపలి నుంచి తుమిజాన్ గొంతు. "దొంగ అన్నప్పుడు మసీదు మలుపు దాకా వినిపించింది."

సుగెంగ్ అరిచాడు. "తప్పయిపోయింది! క్షమించు!"

మసీదు మలుపు నుంచి ఎవరో కేకేశారు. "ఎవరికి సుగెంగ్?"

"తుమిజాన్‌కి!" ఆయన ఆ మూసిన తలుపుకే తిరిగి మళ్లీ అరిచాడు. "నా తుమిజాన్‌కి!"

లోపల గడియ తీసిన చప్పుడైంది.