షెడ్డు మీది గదికి మెట్లు

మొగుడు రసూల్ అంబాసిడర్ టాక్సీ నిలబెట్టే షెడ్డు మీద ఒక గది వేయించమని ఖైరున్‌బీ చాన్నాళ్లుగా అతణ్ణి పోరుతోంది. ఆమె దగ్గర కుట్టు నేర్చుకునేవాళ్లు ఇంటి ముందు వసారాలోనే కూర్చుంటారు. హిందూపురం వీధి దుమ్మంతా గుడ్డల మీద, దారిన పోయేవాళ్ల చూపంతా ఆడపిల్లల మీద. అప్పుడే ఇద్దరిని ఇళ్లలో మాన్పించారు. ఈ ఎండాకాలంలో గది లేవకపోతే తక్కినవాళ్లూ రారని ఆమెకు తెలుసు.

ఆ ఆదివారం నరసింహులు మేస్త్రీ చాప మీద కూర్చుని ఖర్చు తేల్చాడు. ఇటుకలు, కప్పుకు బండలు, తలుపు, కిటికీ, పర్మిట్టు మీద దొరికిన సిమెంటు. రసూల్ కోరిక ప్రకారం ముందువైపు సిమెంటుతో పురివిప్పిన నెమలి, దాని కింద అతని పేరు, 1981 అని సంవత్సరం. అన్నీ కలిపితే చేతిలో ఉన్న డబ్బుకు సరిగ్గా సరిపోయింది.

"సూడు, ఒక్క రూపాయి అప్పు లేదు," అన్నాడు రసూల్ మీసం దువ్వుకుంటూ.

ఖైరున్‌బీ టీ గ్లాసులు వాళ్ల ముందు పెట్టింది. "బాగుండాది. మరి పైకి ఎట్ల ఎక్కేది?"

మేస్త్రీ షెడ్డు వైపు చూశాడు. రసూల్ మేస్త్రీ వైపు చూశాడు.

"ఈ ఏటికి నిచ్చెన ఏసుకుందాం. వచ్చే ఏడు మెట్లు కట్టిస్తా," అన్నాడు రసూల్.

"కుట్టు నేర్సుకునే సిద్దమ్మ కడుపుతో ఉండాది. ఆయమ్మ నిచ్చెనెక్కి కాజాలు కుట్టల్లనా? మిషను నువ్వు నెత్తిన పెట్టుకుని ఎక్కుతావా? నీ నెమలైతే ఎగిరి పోతాది, మేమెట్ల పోయేది?"

మేస్త్రీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నరసింహులన్నా, ఆ నెమలిని తీసెయ్," అంది ఖైరున్‌బీ.

"ఏమే, బస్టాండులో అందరికీ చెప్పుకున్నా! ధర్మవరం నుంచి బొమ్మల మేస్త్రీని పిలిపిస్తాండా."

"అందుకే తీసేయమంటాండా. ఆయప్ప కూలీ మిగులుతాది, సిమెంటూ మిగులుతాది. పెనుకొండలో మా నాయనింట్లో సూడలేదా? పక్క గోడలో రాళ్లు తీసి బండలు దూర్చినారు. సగం గోడలో, సగం బయట. అవే మెట్లు. మన షెడ్డుదీ రాతి గోడే గదా?"

మేస్త్రీ లేచి వెళ్లి గోడను అరచేత్తో చరిచాడు. "ఇటుక గోడైతే వద్దందును. ఇది మందం గోడ, పైన గది బరువు కూడా పడతాది. బండ మూరెడు లోపలికి పోతే ఏనుగెక్కినా కదల్దక్కా."

"మరి నా పేరు?" అన్నాడు రసూల్ చిన్నగా.

"మెట్లెక్కినప్పుడంతా ఆడపిల్లలు తల్చుకుంటార్లే."

రసూల్ ఆ పూట అన్నం మీద అలిగాడు. అయినా బండలు ఏరడానికి తానే వెళ్లాడు. వెడల్పు చాలనివి పక్కన పెట్టించి, మిషను మోసేవాడి పాదం పూర్తిగా ఆనేంత వెడల్పువి తెచ్చాడు.

గది లేచింది. మేస్త్రీకి ఆఖరి కూలి ఇచ్చే ముందు ఖైరున్‌బీ మొగుణ్ణి ప్రతి మెట్టు మీదా ఎగిరి దూకమంది. దూకాడు. ఏదీ కదల్లేదు. ఆ తర్వాత సిద్దమ్మ గోడ పట్టుకుని, మెల్లగా, కబుర్లు చెబుతూ పైకి వెళ్లిపోయింది. మానేసిన ఇద్దరూ మరుసటి వారమే తిరిగి వచ్చారు.

ఇప్పుడు సాయంత్రం బాడుగలు లేనప్పుడు రసూల్ కింది మెట్టు మీద కూర్చుని టీ తాగుతాడు.

"గోడలోంచే మెట్లు! ఎవరిదప్పా ఈ తెలివి?" అని ఒకరోజు తోటి డ్రైవరు లాల్‌సాబ్ అడిగాడు.

"ఎవరిదేంది? నాదే."

పై కిటికీ దగ్గర ఖైరున్‌బీ ఆ మాట విని, మిషను తొక్కడం ఆపకుండానే నవ్వుకుంది.