కొండ దారా, రైలు దారా

బస్సు నడిపే మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఆ ఇంట్లో ఏ వస్తువూ ఉన్నచోట ఉండదు. సెలవు మొదలవగానే ఆవిడ వంటగది అరలన్నీ దించి కడిగేసింది. తర్వాత హాల్లో ఫ్యాను విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది. బిగించాక అది అంతకుముందెప్పుడూ లేని చప్పుడు మొదలెట్టింది. ఆ పైన భర్త కుట్టుగదిలోకెళ్లి దారపు ఉండలు సర్దబోతే, స్కూలు యూనిఫాంలు కుట్టుకునే ఆ శాంతమూర్తి కూడా నోట్లోని గుండుసూదులు తీసి మరీ చేతులు జోడించాడు.

"నీకు పుణ్యముంటుంది, అవి ముట్టుకోకు. నా గందరగోళం నాకు అలవాటు. అలా వీధిలోకెళ్లి నడిచి రా."

వెళ్లేది. కాలుగాలిన పిల్లిలా వీధంతా తిరిగి, వెళ్లినంత వేగంగానే వచ్చేది. కూర్చుంటే కుడికాలు ఊరుకోదు, నేలను నొక్కుతూనే ఉంటుంది. పడుకుంటే కన్ను మూతపడదు.

సంగతేమిటంటే, వానాకాలం మొదట్లో కొండ దారి మలుపులో ఎదురుగా ఒక లారీ తప్పు పక్కన వచ్చింది. ఆవిడ బ్రేకు తొక్కింది. తడి రోడ్డు మీద బస్సు అడ్డంగా జారిపోయి, లోయ అంచున ఉన్న పిట్టగోడకు ఒరిగి ఆగింది. ఒకావిడకు మణికట్టు విరగడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు ఆవిడది కాదని విచారణలో తేల్చారు. మేనేజరు భుజం తట్టి, "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. ఆ విశ్రాంతే ఆవిడ ప్రాణం మీదికొచ్చింది.

ఇలా ఉండగా కూతురి పరీక్షా ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో గట్టెక్కితే రోలర్ కోస్టర్ ఎక్కిస్తానని ఆవిడే ఎప్పుడో మాటిచ్చింది. లెక్కల్లో ఆ పిల్ల గట్టెక్కడం ఇంటిల్లిపాదికీ ఆశ్చర్యమే, కానీ మాట మాటే. అలాంటివి రెండు పెద్ద నగరాల్లో ఉన్నాయి. ఒకటి కొండలవతల ఉంది, అక్కడిది బాగా ఎత్తు. రెండోది సముద్రం పక్కన ఉంది, అక్కడిది కొత్తది, తలకిందులు చేసి తిప్పుతుంది. సముద్రం పక్క నగరానికి రైలుంది. కొండలవతలికి బస్సే గతి, అదీ ఆ మలుపు మీదుగానే.

కూతురు ఏడాదిగా కొండలవతలిదే కలవరించేది. దాని బొమ్మ గోడకు కూడా అంటించుకుంది. ఇప్పుడు మాత్రం తల్లి ముఖం చూడకుండా, "సముద్రం వైపే వెళ్దామమ్మా. అక్కడిదే బావుందట" అంది.

"అవునవును, సముద్రం గాలి మంచిది" అన్నాడు భర్త, అడక్కుండానే.

వాళ్లిద్దరూ కూడబలుక్కున్నారని ఆవిడకు తెలిసిపోయింది. తనను గాజు గ్లాసులా పట్టుకుంటున్నారని ఒళ్లు మండింది. "ఎందుకు? కొండలవతలికే పోదాం" అంది. మర్నాడు పొద్దున టీ తాగుతూ, "రైలే నయం, హాయిగా పడుకుని పోవచ్చు" అని రైలు టికెట్లు తీసుకుంది. సాయంత్రానికి వాటిని రద్దు చేసింది. ఇంకో రోజు రెండూ వద్దంది. ఆ మర్నాడు కూతురి ఫోను లాక్కుని, ఏది ఎత్తు, ఏది వేగం, ఎక్కడ క్యూ తక్కువ అని చూస్తూ కూర్చుంది. చూసినకొద్దీ మనసు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దూకింది తప్ప ఒకచోట నిలవలేదు.

ఇంట్లో నోరు విప్పనిది అత్తగారొక్కతే. ఆవిడ నోరు విప్పకపోవడం అంతవరకు ఎవరూ ఎరగరు. చివరికి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ చేటను పక్కకు నెట్టింది.

"ఏమ్మాయ్, ఉయ్యాల ఎక్కడైనా ఉయ్యాలే. నీ బాధ ఉయ్యాల గురించి కాదు. ఆ మలుపంటే నీకు భయం. ఆ ముక్క చెప్పడానికి ఇంత సినిమా ఎందుకు?"

కుట్టుమిషను ఠక్కున ఆగింది. కూతురు ఫోనులోకి తల దూర్చింది.

"భయమెవరికి అత్తయ్యా? నేను ఎన్నేళ్లు నడిపాను ఆ దారిలో!"

"నడిపావు కాబట్టే భయం. నాకెందుకు లేదూ? నేను నడపలేదు కాబట్టి."

ఆవిడ లేచింది. చెప్పులేసుకుని విసురుగా బయటికి పోయింది. తిరిగొచ్చేసరికి చేతిలో నాలుగు బస్సు టికెట్లున్నాయి. కొండ దారివి. వాటిని అత్తగారి ముందు చేటలో పడేసి, "మీరూ వస్తున్నారు" అంది.

బయల్దేరిన రోజు బస్సు నడిపేది డిపోలో అందరూ మీసాలన్న అని పిలిచే పాత డ్రైవరు. ఆవిణ్ని చూడగానే గబగబా లేచాడు. "వెనక కూర్చోమ్మా, కుదుపు తక్కువ."

"అబద్ధం చెప్పకన్నా. కుదుపంతా వెనకే అని నాకు తెలీదా?" అంటూ ముందు సీట్లోనే కూర్చుంది.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆవిడ అతనితోపాటే నడిపింది. అతను గేరు మార్చకముందే ఆవిడ చెయ్యి కదిలేది. ఒకచోట హారను కొట్టడం ఆలస్యమైతే, "కొట్టన్నా!" అని అరిచింది. వెనక భర్త, ఏం కొట్టాలోనని కంగారుపడి తలెత్తాడు. మలుపు దగ్గరపడింది. పిట్టగోడకు కొత్తగా కట్టిన ముక్క ఒకటి తెల్లగా కనపడింది. కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. మీసాలన్న ప్రత్యేకంగా నెమ్మదించలేదు. బస్సు మలుపు తిరిగింది. దారి ముందుకు సాగింది.

అత్తగారు నీళ్ల సీసా అందిస్తూ వంగి, "అదేనా?" అంది.

"అదే."

"ఇంతేనా? నేనింకా ఏదో అనుకున్నాను."

ఆవిడ నీళ్లు తాగబోయి, నవ్వొచ్చి సగం ఒంటిమీద పోసుకుంది.

తీరా అక్కడికెళ్లాక, క్యూలో తన వంతుదాకా వచ్చిన కూతురు పైకి చూసి తెల్లమొహం వేసింది. అంత ఎత్తునుంచి బండి నిలువునా పడిపోతుంటే జనం పెడుతున్న కేకలు వింది. "అమ్మా, నేను కిందే ఉంటాను" అని పక్కకు తప్పుకుంది. భర్త సంగతి సరేసరి, స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కళ్లు తిరిగే మనిషి. సంచులు కాపలా కాయడానికొచ్చిన అత్తగారు ఆ సంచులు కొడుక్కి తగిలించి, కోడలి పక్కకొచ్చి నిలబడింది.

సీట్ల దగ్గరున్న కుర్రాడు అనుమానంగా చూశాడు. "మామ్మగారూ, మీ వయసెంతండీ?"

"నీకెందుకు నాయనా? సంబంధం చూస్తావా?"

నవ్వాపుకుంటూనే వాడు గుండెజబ్బు లేదు కదా, నడుం నొప్పి లేదు కదా అని అడిగి మరీ, ఒళ్లో కమ్మీ బిగించాడు. బండి కటకటమంటూ నెమ్మదిగా పైకి పోతోంది. ఆవిడ చేతులు స్టీరింగు కోసం వెతుక్కున్నాయి. పట్టుకోవడానికి కదలని కమ్మీ ఒకటే ఉంది. కాళ్లకింద తొక్కడానికి ఏమీ లేదు. పైకొచ్చాక ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, పడింది.

ఆవిడ అరిచింది. అందరూ అరిచారు కానీ, మొదటి వాలు అయిపోయి, మెలికలు అయిపోయి, బండి మెల్లగా వచ్చి ఆగాక కూడా ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది. చీర కొంగు చెదిరిన అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, "ఏమ్మాయ్! అయిపోయిందే, ఆగిపోయింది!" అని కుదిపింది. అప్పుడు అరుపు ఏడుపయింది.

బెంచీ మీద కూర్చోబెట్టారు. ఏడుస్తూనే ఆవిడ చెప్పింది.

"ఆ రోజు బస్సులో ఒక్కరూ అరవలేదు. అంతమందీ నోరు మూసుకుని నా వీపు చూస్తున్నారు. దిగాక నాకు దండాలు పెట్టారు. నేనేం చేశానని? ఆపింది గోడ. నేను కాదు."

భర్త మెడలో సంచులతో అలాగే నిలబడి అన్నాడు. "గోడ ఉన్నచోటికి తిప్పిందెవరు మరి?"

"తెలీదు. నిజంగా గుర్తులేదు."

"సరే, గుర్తులేకపోతే లేదు. దండం పెట్టినవాళ్ల దగ్గరికెళ్లి వెనక్కిచ్చేస్తామా ఏంటి? ఉండనీ."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. కూతురు వచ్చి పక్కన ఒదిగి కూర్చుంది. ఇంతలో చూస్తే అత్తగారు లేదు. మళ్లీ క్యూలో నిలబడి, ముందున్నవాళ్లతో, ఎక్కేముందు ఏమీ తినకూడదని చెబుతోంది.

తిరుగు ప్రయాణంలోనూ ఆవిడ కాలు కుదురుగా లేదు. ఇంటికొచ్చాక వెంటనే నిద్రా పట్టలేదు. అయినా మేనేజరు దగ్గరికి తనే వెళ్లి, ముందు ఊళ్లో తిరిగే బస్సు ఇమ్మని అడిగింది. కొండ దారి సంగతి వానలు వెలిశాక చూద్దామంది.

మొదటి రోజు బస్సెక్కి స్టీరింగు రెండుసార్లు తుడుచుకుంది. ప్రతి సందు దగ్గరా బస్సు అడుగులో అడుగు వేసింది. ఆఫీసుకు ఆలస్యమవుతున్న పెద్దమనిషొకడు వెనకనుంచి అరిచాడు.

"ఏంటమ్మా, ఎడ్లబండా ఇది?"

ఆవిడ అద్దంలో అతని వంక చూసింది. ఆవిడ గొంతు బస్సంతా వినపడేట్టు లేచింది.

"దిగి తోస్తావా అన్నా? తొందరగా పోతుంది!"

బస్సు గొల్లుమంది. ఆవిడ గేరు మార్చింది.