ర్యాంబ్లర్‌కు వచ్చిన షీల్డు

స్టీల్ ప్లాంటులో మేనేజరుగా రిటైరైన భీమశంకరరావు వన్ టౌన్‌లోని ఓ పాత షెడ్డు నుంచి 1950 నాటి నాష్ ర్యాంబ్లర్ కొన్నాడు. అమెరికాలో కార్లన్నీ భారీగా ఉన్న రోజుల్లో వచ్చిన చిన్న కారు అది. ఆ చిన్న కారు సందులో ఆగితే ఆటోలు వెనక్కి తిరిగేవి.

"చిన్నదంటే చవక సరుకనుకోకూడదని రేడియో, హీటరు కూడా కారుతోపాటే ఇచ్చారు తెలుసా?" అనేవాడు ఇంటికొచ్చిన వాళ్లతో.

"వైజాగులో హీటరేటి సేసుకుంతామండి?" అని అతని భార్య తాయారు కాఫీ పెట్టి వెళ్లేది.

బీచ్ రోడ్డులో పాత కార్ల ర్యాలీ ప్రకటించగానే వారం రోజులు కారును అద్దంలా తుడిచాడు. పెట్రోలు పోయించడం మరిచిపోయాడు. తాయారును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరితే, ర్యాలీ పందిరి కనిపిస్తుండగా కారు ఆగిపోయింది. బంకుకు ఫోన్ చేస్తే, సీసాలో పొయ్యం, కారే తెమ్మన్నారు.

పక్కనే చేపలమ్ముతున్న పోతమ్మ లేచి వచ్చింది. "ఇంత సోకు సేసినావు, పెట్రోలు పొయ్యలేదేటి బాబూ?" అని, వలలు బాగుచేసుకుంటున్న తన కొడుకు తాతబాబునీ, మరో ముగ్గుర్నీ పిలిచింది.

నలుగురూ వెనక నుంచి తోశారు. భీమశంకరరావు స్టీరింగ్ పట్టుకుని, తెరిచిన గుడ్డ టాపులోంచి జనానికి నమస్కారాలు పెట్టాడు. సెల్ఫీల గుంపు చుట్టుముట్టడంతో తోసేవాళ్లు న్యాయనిర్ణేతలకు కనబడలేదు.

"ఇంజన్ చప్పుడే లేదు. అద్భుతమైన మెయింటెనెన్స్" అని వాళ్లు మొదటి బహుమతి షీల్డు చేతిలో పెట్టి, మైకు అందించారు.

నిజం చెప్పాలనే అతను నోరు తెరిచాడు. ఎదురుగా ప్లాంటులో తన కింద పనిచేసినవాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

"అదీ అమెరికన్ ఇంజనీరింగంటే" అనేశాడు. అన్నాక చెవులు వేడెక్కాయి.

ఫోటోలయ్యాక తాతబాబు దగ్గరికెళ్లి, "బంకు దాకా ఓ చెయ్యి వేస్తారా?" అని నెమ్మదిగా అడిగాడు.

"మైకులో ఇన్నాం బాబూ. ఆ ఇంజనీర్లనే పిలుసుకోండి" అని తాతబాబు మళ్లీ వల ముందు కూర్చున్నాడు.

తాయారు వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుంది. భీమశంకరరావు షీల్డును వెనక సీట్లో పడేసి, ప్యాంటు మడిచి, తోయడం మొదలుపెట్టాడు.