అరువు గొంతు

తెర మీద కనిపించేది అక్క, వినిపించేది చెల్లెలు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక అక్క మాట బొంగురుపోయింది. అప్పటి నుంచీ ఏడేళ్లుగా ఆ టీవీ సీరియల్‌లో పెద్దకోడలి పాత్రను ఇద్దరూ కలిసే మోస్తున్నారు.

పదహారు గంటలు ఏకబిగిన షూటింగ్ చేసి, చిన్నకోడలి వేషం వేసే అమ్మాయి లైట్ల కింద కుప్పకూలింది. రోజుకు పన్నెండు గంటలు మించితే కెమెరా ముందుకు రామంటూ నటీనటులు సమ్మెకు దిగారు. వాళ్ల యూనియన్ కార్యదర్శి అక్కే. డబ్బింగ్ వాళ్ల సంఘం మాత్రం కలవలేదు.

సమ్మె పదో రోజు పొద్దున్నే సీరియల్ మేనేజర్ చెల్లెలికి ఫోన్ చేశాడు.

"పాత షాట్లు బోలెడున్నాయమ్మా. వాటికి కొత్త మాటలు అతికిస్తే చాలు. నువ్వు రానంటే, అచ్చం నీలా పలికే అమ్మాయి ఇక్కడే కూర్చునుంది."

చెల్లెలు బయల్దేరింది. స్టూడియో గేటు దగ్గర బైఠాయించిన నటుల్లోంచి లేచి అక్క అడ్డం నిలబడింది.

"ఎక్కడికే?"

"పనికి. మా సంఘం వెళ్లొద్దనలేదుగా."

"నువ్వు లోపలికెళ్తే నేను వెళ్లినట్టే. ఆ మాత్రం తెలీదా?"

"నీకేమక్కా, నిన్ను ఊరంతా గుర్తుపడుతుంది. నన్ను ఈ వాచ్‌మన్ కూడా రోజూ పేరడుగుతాడు."

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ రిజిస్టరు చాపి, "పేరు చెప్పండమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బైఠాయించినవాళ్లలో మామగారి పాత్ర వేసే పెద్దాయన చెల్లెల్ని చూసి నిట్టూర్చాడు.

"రేపట్నుంచి నేనూ పనిలోకి వెళ్లిపోతా. ఇక నా వల్ల కాదు."

అక్క మొహం పాలిపోయింది. చెల్లెలు తల వంచుకుని లోపలికి నడిచింది.

డబ్బింగ్ గదిలో చేతికిచ్చిన కాగితాలు ఆమె రెండుసార్లు చదివింది. పెద్దకోడలు ఫోన్‌లో "నేనిక రాను, నన్ను వెతకొద్దు" అంటుంది. తర్వాత బస్సు ప్రమాదంలో పోతుంది. ఆ కిందే, ఎల్లుండి ఎపిసోడ్‌లో మామగారికి గుండెపోటు.

"ఇది అక్కకి తెలుసా?"

"తెలిసేలోపు ప్రసారమైపోతుంది" అన్నాడు మేనేజర్.

ఎర్రలైటు వెలిగింది. తెర మీద అక్క ఫోన్ పట్టుకుని వెనక్కి తిరిగి ఉంది.

"నేనిక రా..."

మాట పెగల్లేదు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగిపోయింది.

"ఈ సీన్‌లో ఏడుపు లేదమ్మా" అంది హెడ్‌ఫోన్‌లో ఇంజనీరు గొంతు.

ఆమె హెడ్‌ఫోన్ తీసేసి, కాగితాలు సంచిలో కుక్కుకుని లేచింది.

"గడప దాటావంటే మళ్లీ మైకు మొహం చూడవు!" మేనేజర్ అరిచాడు.

దాటింది. గేటు బయట మెట్టెక్కి ఆ పేజీలు గట్టిగా చదివింది. ఇంటింటికీ తెలిసిన ఆ గొంతు వీధి చివరి దాకా వినిపించింది.

"ఎల్లుండా?" అన్నాడు పెద్దాయన గుండె మీద చెయ్యేసుకుని. తర్వాత చెప్పులు విడిచి, అందరికంటే ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత పనిలోకి వెళ్లిపోతానన్నవాళ్లు లేరు.

పదమూడో రోజున పన్నెండు గంటల షరతుకు చానల్ ఒప్పుకుంది. పెద్దకోడలిని మాత్రం వేరే గొంతుతో చంపేశారు. అక్కాచెల్లెళ్లు ఇంట్లో కూర్చుని చూశారు.

"నీ అంత బాగా చెప్పలేదే" అంది అక్క. టీవీ కట్టేసింది. "బయటికొచ్చావు, సరే. అసలు లోపలికెందుకెళ్లావే?"

"భయమేసిందక్కా."

అక్క రిమోట్ పక్కన పెట్టి చెల్లెలి దగ్గరికి జరిగి కూర్చుంది.