ఇంటికో కారు

అలెగ్జాండ్రియా రోడ్డంటేనే నాకు రోత. ఆ రోజు గంటన్నరగా ఒక్కచోటే పడున్నాను. ముందు కోళ్ల లారీ, పక్కన పొగ కక్కే మైక్రోబస్సు. గొంతులో డీజిలు, కోళ్ల కంపు కలిసి వాంతి వచ్చేలా ఉంది.

ఊళ్లో నబవియ్యా పిన్ని పోయింది. అమ్మ చనిపోయాక నన్ను పెంచింది ఆవిడే. మధ్యాహ్నం నమాజు అవగానే తీసుకెళ్లిపోతారు, ఎవరికోసమూ ఆగరు. ఆవిడ జనాజా పాడెకు ఒక్కసారి భుజం పట్టాలి. నాకు కావలసింది అంతే.

తంతా పట్నం పోయే రైలెక్కి వెళ్లమని మా ఆవిడ ఇన్షిరాహ్ పొద్దున్నుంచీ పోరింది. స్టేషను నుంచి దుమ్ములో నడిచి వెళితే మేనమామల ముందు నా పరువేం కాను? మా వాళ్లలో చావుకి ఇంటికో కారు రావాలి. ఎన్ని కార్లొస్తే పోయినవాళ్లకి అంత గౌరవం. అన్నదమ్ములిద్దరు ఒకే కారులోంచి దిగారంటే ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుతారు.

"పిన్ని కోసం వెళుతున్నారా, కారు చూపించడానికా?" అంది ఇన్షిరాహ్. నేను తాళాలు తీసుకున్నాను.

సందు దొరగ్గానే కాలవగట్టు దారి పట్టాను. నాలాంటి తెలివిగలవాళ్లు వందమంది అప్పటికే అక్కడ ఇరుక్కుని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. వెనక్కొచ్చి మళ్లీ ఆ కోళ్ల లారీ వెనకే చేరాను. ముందెవడో వెధవ రోడ్డుమీద బండి పెట్టి పోయాడట, మైక్రోబస్సు డ్రైవరు చెప్పాడు. ఆ వెధవని వాడి తాతముత్తాతలతో కలిపి నోరారా తిట్టాను.

మధ్యాహ్నం అజాన్ వినిపించిన అరగంటకి లారీ పక్కకి తప్పుకుంది. మా ఊరి మలుపు దగ్గర మూడు వరసల రోడ్డులో రెండు వరసల నిండా కార్లు ఆపేసి ఉన్నాయి. నల్లది పెద్ద మేనమామది. అద్దం పగిలిన తెల్లది పిన్ని కొడుకు దసూకీది. అన్నీ మావాళ్లవే.

పెట్టడానికి ఇంక చోటెక్కడ? మిగిలిన ఒక్క వరసలో నా కారు వదిలేసి, తాళం వేసి పొలాలకి అడ్డంపడి పరిగెత్తాను. వెనక మైక్రోబస్సు డ్రైవరు నా తాతముత్తాతలని ఎత్తుకున్నాడు.

నేను వెళ్లేసరికి సమాధి గది వాకిలి మూసేసి మట్టి మెత్తుతున్నారు. దసూకీ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో నన్ను చూశాడు.

"కారులోనే వచ్చావా, అన్నా?"

"ఆఁ."

"నీదాంతో నలభై ఒకటి. అమ్మకి మంచి గౌరవమే దక్కింది."

నామీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. రోడ్డుమీది హారన్లు సమాధి దాకా వినిపిస్తున్నాయి.