నౌకర్ల మీద పన్ను

సరోజనను ఎవరికి పరిచయం చేసినా యజ్ఞనారాయణ గారు "మా చెల్లెలు" అనేవారు. నిజానికి ఆమెకు ఆయనతో ఏ చుట్టరికమూ లేదు. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. ఆయన భార్య పద్మినికి పక్షవాతం వచ్చాక, తెలిసినవాళ్ళ ద్వారా కబురంపి, విజిటర్ వీసా మీద కెనడాలోని లండన్‌కు పిలిపించుకున్నారు. పద్మినికి స్నానం చేయించడం, తినిపించడం, వంట, అంట్లు అన్నీ సరోజనవే. జీతం ఊళ్ళో తల్లికి చేరేది. వర్క్ పర్మిట్ తెప్పిస్తామన్న మాట మాత్రం రేపు మాపు అంటూ వాయిదా పడుతూ వచ్చింది. అన్నా అని పిలిచే మనిషిని నిలదీయడానికి ఆమెకు నోరు రాలేదు.

యజ్ఞనారాయణ గారు యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండ్ పన్నుల మీద ఆయన పరిశోధన. నవంబరులో ఒక ఆదివారం ఆ ఊళ్ళోనే ఉండే స్నేహితులు మహీధర్ దంపతులు భోజనానికి వచ్చినప్పుడు మాట అటు మళ్ళింది.

"ఇంట్లో నౌకరుంటే పన్ను కట్టాలి మహీధర్. ముందు మగవాళ్ళ మీద వేశారు, తర్వాత ఆడవాళ్ళ మీద కూడా. పొలం పనివాళ్ళకి లేదు. ఇంకేం, బట్లర్‌ని పాలేరనేవాళ్ళు, పనిపిల్లని మేనకోడలనేవాళ్ళు. పన్నులవాడు వచ్చేసరికి ఇంటినిండా చుట్టాలే!"

అందరూ పగలబడి నవ్వారు. వంటింట్లో అప్పడాలు వేయిస్తున్న సరోజన చేయి ఆగిపోయింది.

"మరి మన చెల్లెమ్మగారో?" అన్నాడు మహీధర్ తమాషాకి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూకుట్లో అప్పడం మాడిపోయింది.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ అడిగింది. "నా పర్మిట్ సంగతేమైంది అన్నా? వీసా అయిపోవస్తున్నది."

"చూడమ్మా, పర్మిట్ అంటే నువ్విక్కడ పనిచేస్తున్నావని రాయాలి. ఇన్నాళ్ళూ టాక్స్ ఎందుకు కట్టలేదంటారు. వీసాకి చెల్లెలివని చెప్పి అప్లై చేశాం కదా, అదొకటి."

"గందుకేనా చెల్లెలన్నది?"

ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశారు. "నిన్నెప్పుడైనా పరాయిదానిలా చూశామా?" అన్నారు.

"లేదు సార్. పరాయిదాన్నయితే పర్మిటన్నా వస్తుండె."

సార్ అన్న మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

వీసా గడువు దగ్గరపడింది. ఇల్లు నడవాలి కనుక ఆయన ఏజెన్సీకి ఫోన్ చేశారు. అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్న ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వచ్చింది. నెమ్మదస్తురాలు. అన్నం ఎంత జారుగా కలపాలో, ముద్ద నోటికి ఏ పక్కన పెట్టాలో సరోజన ఆమెకు సైగలతోనే చూపించింది. పద్మిని మాత్రం కొత్త చేతిని చూడగానే మూతి బిగించేసింది. సరోజన పెడితేనే తిన్నది.

వెళ్ళేరోజు మంచు పడుతోంది. యజ్ఞనారాయణ గారు సూట్‌కేసు తానే మోసి కారులో పెట్టారు. సరోజన మంచం దగ్గరకు వెళ్ళి దుప్పటి సర్దింది. మాట పలకని పద్మిని, పనిచేసే చేత్తో ఆమె స్వెటర్ పట్టుకుంది. సరోజన ఒక్కొక్క వేలూ మెల్లగా విడిపించుకుంది.

"మళ్ళొస్తా వదినా," అంది. రాదని ఇద్దరికీ తెలుసు.

టొరంటో ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. మధ్యాహ్నం ముద్ద ఆవిడ తింటుందో తినదో.