మబ్బు దాకా పోని నలుసు

నేను ఒక నలుసుని. మీ కంట్లో పడి ఏడిపించే నలుసుని కాదు, దాని పక్కన పెడితే నేను ఉన్నానో లేనో కూడా తెలియదు. ఓ ఉదయం అంతరిక్షం నుంచి దూసుకొచ్చిన కిరణమొకటి గాలిలోని అణువును ఢీకొట్టి దాని ఎలక్ట్రాన్‌ని ఎగరగొట్టింది. ఆ దెబ్బకు మిగిలిన అయానుతోనే నా కథ మొదలు. విద్యుదావేశం ఉన్నచోటికి అందరూ చేరతారు కదా! గంధకామ్లపు ఆవిరి వచ్చింది, వెంట నీటి ఆవిరి, అమ్మోనియా వచ్చాయి. అంతా అతుక్కుని ఒక ముద్దయ్యాం.

ఆ పూట కదిరి దగ్గరి ఒక కొండ మీద నాలాంటివాళ్లు కోట్లలో పుట్టారు. చాలామందిని గంట తిరక్కుండానే పెద్ద నలుసులు మింగేశాయి. మిగిలినవాళ్లం చెట్లు వదిలే ఆవిర్లు తాగుతూ ఒళ్లు చేశాం. సాయంత్రం దాకా పెరిగితే, ఎప్పుడో మా మీద నీరు పట్టి మబ్బులో చుక్కలమవుతాం. నాకున్న ఆశ అదొక్కటే.

కింద రేకుల గదిలో ఉన్న పరిశోధకురాలు షాహీన్‌దీ అదే ఆశ. కప్పు మీది గొట్టం మమ్మల్ని పీల్చి యంత్రానికి అందిస్తుంది. మేం పెరిగే కొద్దీ తెర మీద ఎర్రని పట్టీ అరటిపండులా వంగి పైకి లేస్తుంది. అయాన్ల నుంచి పుట్టిన నలుసు మబ్బుకు పనికొచ్చేంత ఎదుగుతుందని ఆమె ఒక్కరోజైనా పూర్తిగా చూపించాలి. మూడేళ్లుగా ఆ పట్టీ మధ్యాహ్నానికే తెగిపోతోంది. గడువు ఆ సాయంత్రంతో సరి. తర్వాత ఆ రేకుల గదిలోని కేంద్రానికి తాళం, ఆమె పరిశోధనకు మంగళం.

కాపలాదారు ఓబులేసు ఆమె కోసం బీడీ మానేశాడు. గొట్టానికి పొగ తగలకూడదని కొండ దిగిపోయి వంట చేసుకొచ్చేవాడు. మూడింటికి ఆమె వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చింది.

“ఇంగ రెండు గంటలు చాలు ఓబులేసన్నా. ఇంత దూరం ఎప్పుడూ రాలేదు!”

ఆ మాటకు ఆయనకు దిష్టి భయం పట్టుకుంది. మొన్న వచ్చిన అధికారులు ఆ యంత్రాన్ని నోరారా మెచ్చుకుని పోయారు. అలాంటి కళ్లు పడ్డాక ఇంకేముంది? ఆమె లోపలికి వెళ్లగానే ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పెట్లో పట్టుకుని నిచ్చెనెక్కి, గొట్టం చుట్టూ మూడుసార్లు తిప్పి, అక్కడే నిప్పుల చట్టిలో వేశాడు. పొగంటే బీడీది, పొయ్యిది. దిష్టి పొగ ఆయన లెక్కలో పొగే కాదు.

మసి నలుసులు గుంపులుగా లేచాయి. నన్ను మింగినది ఏదో కూడా నాకు తెలియదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. అంత ప్రేమగా ఎవరినీ ఎవరూ చంపి ఉండరు.

లోపల పట్టీ పుటుక్కున తెగింది. దాని పైన తెరంతా ఎర్రటి మరక కమ్ముకుంది. షాహీన్ దగ్గుతూ లేచేసరికి ఓబులేసు చట్టి పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. తెర చూసి ఆయన ముఖం చాటంతయింది.

“సూడమ్మా, దిష్టి దీసినానో లేదో, పైకంటా ఎట్ల లేసిందో! ఇంగ మన ఆఫీసు ముయ్యరు గదా?”

అరవడానికి ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ ఊపిరితో మసికి అతుక్కున్న నేను కూడా లోపలికి పోయాను. కానీ అరుపు బయటికి రాలేదు.

“ముయ్యర్లే అన్నా,” అంది.

ఆయన సంతోషంగా చట్టి కడుక్కోవడానికి వెళ్లాడు. ఆమె యంత్రం ఆపేసి కూర్చుంది. అప్పటి నుంచి నేను ఆమె ఊపిరితిత్తుల అడుగున ఉన్నాను. ఇక్కడికి మబ్బు రాదు.